పెరట్లో ఈతకొలను: ముందు నీటిని అడగండి



సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక పనిమీద తిరువళ్ళూరు వెళ్ళి, అక్కడ మణవాళనగర్‌లో తెలిసిన పెద్దాయన ఒకరిని చూసి వచ్చాను. ఇంటి వెనుక మంచి పెరడు. నాలుగు కొబ్బరిచెట్లు, ఒక మూల పాత చేదబావి. బోరు వేయించినప్పటినుంచి ఆ బావివైపు చూసినవారు లేరు. అది ఎండిపోయి, లోపల చెత్త పడి ఉంది.

కాఫీ తాగుతూ ఆయన అడిగారు. "ఏం నాయనా, ఎండాకాలం సెలవులకు అమెరికా నుంచి మనవలు వస్తారు. అక్కడ వాళ్ళ ఇంటి వెనకాల ఈతకొలను ఉందంట. ఇక్కడికి వస్తే రెండోరోజుకే పొద్దుపోక గోల చేస్తారు. మన పెరట్లోనూ ఒకటి కట్టిస్తే ఎంతవుతుంది?"

"ఎంతవుతుందో మేస్త్రీ చెప్తాడు పెదనాయనా. అంతకుముందు నీళ్ళను అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి" అన్నాను. ఆయన నవ్వి, "నీళ్ళు మాట్లాడతాయా?" అన్నారు. మాట్లాడతాయి. మనం అడగం, అంతే. ఆ రోజు ఆయనతో చెప్పిన సంగతులే ఇవాళ మీకూ చెబుతాను. ఈతకొలను కట్టే ఆలోచన లేనివారు కూడా వినండి. ఇంట్లో సంపు ఉన్న ప్రతివారికీ ఇందులో కొంత పనికివస్తుంది.

మొదటి ప్రశ్న: నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?

ఇంటికి సరిపోయే చిన్న కొలను అనుకుందాం. పొడవు 20 అడుగులు, వెడల్పు 10 అడుగులు, నీటి లోతు 4 అడుగులు. మొత్తం 800 ఘనపుటడుగులు. అంటే సుమారు 22,600 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని మన దేశంలో ఒక లెక్క ఉంది. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలా పదిరోజులకు పైగా సరిపోయే నీళ్ళు ఇవి. ఒక్కసారి నింపితే అయిపోదు. ఎండాకాలంలో అంత వెడల్పు నీటిమీద నుంచి రోజుకు 100 నుంచి 150 లీటర్ల దాకా ఆవిరైపోతాయి. ఎనిమిది, తొమ్మిది బిందెల నీళ్ళు రోజూ ఆకాశానికి పోస్తున్నామన్నమాట.

మన ప్రాంతం నీటి కథ మీకు తెలియనిది కాదు. నగరి కొండల్లో కురిసిన వాన నగరి ఏరుగా పారి, కుశస్థలిలో కలిసి, పూండి జలాశయం చేరుతుంది. 1960లో సరిహద్దు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది గాని, ఏరు మాత్రం తన దారి మార్చుకోలేదు. పూండి ఆనకట్ట 1944లో పూర్తయింది. కట్టింది మద్రాసు నగరం దాహం తీర్చడానికి. అది చాలక 1983లో రెండు రాష్ట్రాలు తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నాయి. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా కృష్ణ నీళ్ళు 1996లో పూండికి చేరాయి. ఇంత చేసినా 2019 వేసవిలో చెన్నైకి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయాయి. ట్యాంకర్ లారీలు చుట్టుపక్కల జిల్లాల బావులమీద, బోర్లమీద పడ్డాయి. పక్కవాడి పొలంలో బోరు తోడేస్తుంటే మన బావి అడుగు కనిపించడం అంటే ఏమిటో ఆ ఏడాది చాలామంది చూశారు.

కాబట్టి బోరు వేసి ఈతకొలను నింపుతానంటే, అది మీ ఒక్కరి నీరు కాదు. భూమి లోపల కాంపౌండు గోడలు లేవు. రెండు మూడు ట్యాంకర్లు తెప్పించి నింపుతానన్నా, అవీ ఎవరిదో ఒకరి బావిలోనుంచే వస్తాయి. పైగా భూగర్భ జలాల వాడకంపై నియమాలున్నాయి. చెన్నై చుట్టుపక్కల ప్రాంతానికి 1987లోనే ఇందుకు ఒక చట్టం వచ్చింది. అనుమతి సంగతి ముందుగా మీ పంచాయతీ లేదా మునిసిపాలిటీ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

మరి దారి లేదా? ఉంది. అది మీ నెత్తిమీదే ఉంది. వెయ్యి చదరపు అడుగుల మేడమీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 900 లీటర్లు వస్తాయి. కొంత వృథా పోయినా, 25 నుంచి 30 సెంటీమీటర్ల వాన పడేసరికి మన కొలను నిండుతుంది. ఆశ్వయుజం మొదలు మార్గశిరం దాకా, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తిరువళ్ళూరు జిల్లాలో సాధారణంగా 60 సెంటీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. అంటే మేడమీద పడే నీళ్ళు కొలను నింపి, ఇంకా అంత మిగులుతాయి. ఆ మిగిలినవి బావిలోకి పంపవచ్చు. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి. చాలా ఇళ్ళలో ఆ గొట్టాలు విరిగి, గుంటలు పూడిపోయి ఉన్నాయి. ఈతకొలను కంటే ముందు బాగుచేయవలసింది వాటిని.

ఒక్క జాగ్రత్త. తొలి వానకు మేడమీది దుమ్ము, రెట్టలు, ఆకులు కొట్టుకొస్తాయి. ఆ మొదటి నీళ్ళను కొలనులోకి రానీయకుండా బయటికి వదిలే మూత ఒకటి గొట్టానికి పెట్టించండి. తర్వాతి నీళ్ళు ఇసుక, జల్లి వేసిన గుంట గుండా వడకట్టి పంపండి.

రెండో ప్రశ్న: నీళ్ళు కిందనుంచి ఎప్పుడు వస్తాయి?

ఇది చాలామంది అడగని ప్రశ్న. కొలను అంటే నీటిని లోపల ఉంచేది అనుకుంటాం. వానాకాలంలో బయటి నీరు కూడా దాన్ని నెడుతుంది. ఖాళీ బిందెను బావిలో వదిలితే తేలుతుంది కదా. భూమిలో నీటిమట్టం పైకి వచ్చినప్పుడు ఖాళీ కొలను కూడా అంతే. ఖాళీ సంపు వానల్లో పైకి లేచి పగుళ్ళిచ్చిన సంగతి పాత మేస్త్రీలను అడిగితే చెబుతారు.

నమ్మబుద్ధి కాకపోతే లెక్క వేద్దాం. మన కొలనుకు గోడలు, అడుగు 8 అంగుళాల మందం, గోడల ఎత్తు 5 అడుగులు అనుకోండి. ఆ కాంక్రీటు మొత్తం బరువు సుమారు 26 టన్నులు. భూగర్భ జలం నేలమట్టం దాకా వచ్చిందంటే, ఆ కట్టడాన్ని పైకి తోసే బలం సుమారు 39 టన్నులు. ఖాళీగా ఉంటే తేలకుండా ఎలా ఉంటుంది? అదే కొలనులో 4 అడుగుల నీళ్ళుంటే, ఇంకో 22 టన్నులకు పైగా బరువు చేరి మొత్తం 49 దాకా అవుతుంది. అప్పుడు కదలదు.

దీన్నిబట్టి గుర్తుంచుకోవలసినవి కొన్ని. కార్తీకమాసంలో మీ బావిలోనో, పక్కింటి బావిలోనో నీళ్ళు ఎంత పైకి వస్తున్నాయో చూడండి. బావి లేకపోతే పెరట్లో ఆరడుగుల గుంట తవ్వి, వానల తర్వాత చూడండి. మణవాళనగర్ లాంటి చోట పక్కనే కూవం ఉంది. ఏరు నిండిన రోజుల్లో చుట్టుపక్కల నేలలో నీరు ఊరుతుంది. అందుకని ఎండాకాలంలో ఎండిన గుంటను చూసి ధైర్యపడకండి. రెండోది, వానాకాలంలో కొలనును ఎప్పుడూ ఖాళీ చేయవద్దు. కడగడం, రంగు, మరమ్మతు, ఏదైనా ఫాల్గుణం తర్వాతే. మూడోది, అడుగు కాంక్రీటు కింద జల్లి పరిచి, చిల్లుల గొట్టం వేసి, పక్కనున్న చిన్న గుంటకు కలపమని ఇంజనీరుతో చెప్పండి. ఆ గుంటలోకి తొంగి చూస్తే కింద నీరు ఎంత ఉందో తెలుస్తుంది. అవసరమైతే మోటారు పెట్టి తోడేయవచ్చు. కింది నీటి ఒత్తిడి ఎక్కువైనప్పుడు తనంతట తానే తెరుచుకునే కవాటం కూడా దొరుకుతుంది.

ఇక్కడ ఒక మంచి సంగతి చూడండి. ఏ నెలల్లో కొలను నిండుగా ఉండాలో, ఆ నెలల్లోనే మేడమీద వాన పడుతుంది. తొలి వానలతోనే నింపడం మొదలుపెట్టి, వానలు బలపడేసరికి మూడడుగుల నీళ్ళన్నా ఉండేలా చూసుకుంటే, ఆ వాననీరే కొలనును కాపాడుతుంది.

ఇక కట్టుబడి. సంక్రాంతి వెళ్ళగానే తవ్వకం మొదలుపెట్టడం మంచిది. నేల పొడిగా ఉంటుంది, గుంట ఒడ్డు విరగదు. ఆరడుగులు తవ్వితే, ఇంటి పునాదికీ కాంపౌండు గోడకూ కనీసం ఆరడుగుల దూరం వదలండి. సెప్టిక్ ట్యాంకుకు బాగా దూరంగా ఉండాలి. చింత, వేప చెట్ల కింద వద్దు. ఆకు రాలుతుంది, వేరు గోడను వెదుకుతుంది. పనివాళ్ళు తిరిగే జాగాతో కలిపి తవ్వితే దాదాపు 2,400 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. అంటే పది లారీల దాకా. అది ఎక్కడ పోయించాలో ముందే ఆలోచించుకోవాలి.

ఇటుక గోడ కట్టి సిమెంటు పూస్తే చాలు, ఖర్చు కలిసివస్తుందని కొందరు చెబుతారు. వినకండి. నీటిని నిలిపే కట్టడాలకు ఐఎస్ 3370 అనే భారత ప్రమాణం ఉంది. ఆ ప్రకారం కమ్మీలు కట్టిన, ఎం 30 రకం కాంక్రీటు కావాలి. మనం అనుకున్న కొలనుకు సుమారు 370 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. సిమెంటు 80 బస్తాలకు పైనే. అడుగు, గోడ కలిసే చోట నీరు కారకుండా అడ్డుపట్టీ వేయించాలి. ఎక్కువ కొలనులు కారేది అక్కడే. కాంక్రీటు పోశాక పది పదిహేను రోజులు విడవకుండా తడపండి. ఆ తడి కరువైతే తర్వాత ఎన్ని రసాయనాలు పూసినా పగులు ఆగదు.

టైల్సు వేయడానికి ముందే నీళ్ళు నింపి వారంరోజులు చూడాలి. మట్టం తగ్గితే అది కారడమా, ఆవిరి కావడమా అని ఎలా తెలుస్తుంది? ఒక బకెట్‌లో నీళ్ళు పోసి కొలను మెట్టుమీద, నీటిలో సగం మునిగేలా పెట్టండి. బకెట్ లోపలి మట్టం, బయటి మట్టం రెండూ గీత గీయండి. మర్నాడు చూస్తే, ఆవిరి రెండు చోట్లా ఒకటే. బయట ఎక్కువ తగ్గితే కారుతున్నట్టు. ఈ పరీక్ష మీ సంపుకు కూడా చేసుకోవచ్చు. పరీక్షకు పోసిన నీళ్ళను వీధిలోకి వదలకుండా కొబ్బరిచెట్లకు మళ్ళించండి.

మూడో ప్రశ్న: లోపల ఉన్న నీళ్ళు ఏమవుతాయి?

నిలవ నీరు దోమకు పుట్టిల్లు. గుడ్డు పెట్టిన వారం పదిరోజులకే దోమ రెక్కలు విప్పుతుంది. మనవలు వెళ్ళిపోయాక పదినెలలు కొలనును వదిలేస్తే, వీధి మొత్తానికీ డెంగీ పంచినవారవుతారు. కాబట్టి నీటిని కదుపుతూ, వడకడుతూ, క్లోరిన్ వేస్తూ ఉండాలి. కొలను నీరంతా ఆరు గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా తిరిగి రావాలంటే గంటకు సుమారు 3,800 లీటర్లు తోడే పంపు కావాలి. అర హార్స్‌పవర్ చాలు.

నీటిలో క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. 30 శాతం బలం ఉన్న బ్లీచింగ్ పౌడరైతే, మన కొలనులో 2 మిల్లీగ్రాములు రావడానికి సుమారు 150 గ్రాములు వేయాలి. ఎండకు క్లోరిన్ విరిగిపోతుంది గనుక సాయంత్రం వేళ, బకెట్ నీళ్ళలో కలిపి, తేటను మాత్రమే పోయండి. పిహెచ్ 7.2కూ 7.6కూ మధ్య ఉంటే కళ్ళు మండవు. ఈ రెండూ చూసుకునే చిన్న పరీక్ష పెట్టెలు దొరుకుతాయి. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ ఎప్పుడూ ఒకచోట కలపవద్దు. పుట్టే గాలి ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. రెండు డబ్బాలనూ ఒకే అలమరలో కూడా ఉంచకండి. కొలనుమీద పట్టా కప్పితే ఆవిరి తగ్గుతుంది, ఆకు పడదు, దోమ రాదు.

ఇంతవరకు నీటి సంగతి. ఇప్పుడు చెప్పబోయేది పిల్లల సంగతి. మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచం మొత్తంమీద సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నలుగురికి ఒకరు ఐదేళ్ళలోపు పిల్లలే. మునిగే పిల్లవాడు కేక వేస్తాడని, చేతులు కొట్టుకుంటాడని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. చప్పుడు లేకుండా, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఫోను మోగిందని వంటింట్లోకి వెళ్ళి వచ్చేంతసేపు చాలు.

అందుకని కొలనుకు నాలుగు వైపులా నాలుగడుగులకు తక్కువ కాని కంచె కట్టించండి. ఇంటి గోడ ఒకవైపు ఉంది కదా అని మూడు వైపులతో సరిపెట్టవద్దు. పిల్లవాడు వచ్చేది ఇంట్లోనుంచే. కమ్మీల మధ్య సందు నాలుగంగుళాలకు మించకూడదు. గేటు బయటివైపుకు తెరుచుకోవాలి, చేయి వదిలితే దానంతట అదే మూసుకోవాలి. గడియ పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి. కంచె పక్కన కుర్చీలు, పూలకుండీలు పెట్టవద్దు. అవే మెట్లవుతాయి.

నీళ్ళు లాగే రంధ్రం విషయంలోనూ జాగ్రత్త అవసరం. అమెరికాలో 2002లో ఒక ఏడేళ్ళ పాప వేడినీటి తొట్టిలో, నీటిని లాగే జాలీకి అతుక్కుపోయి మునిగి చనిపోయింది. ఆ పాప ఆ దేశపు మాజీ విదేశాంగమంత్రి జేమ్స్ బేకర్ మనుమరాలు. తల్లి పట్టుదలతో పోరాడితే, 2007లో అక్కడ ఆ పాప పేరుమీదే చట్టం వచ్చింది. అంత తెలిసినవారి కుటుంబంలోనే అలా జరిగింది. మీ కొలనుకు నీరు లాగే నోళ్ళు రెండు, వాటి మధ్య మూడడుగులకు తగ్గని దూరం ఉండేలా, పైన ఉబ్బెత్తు జాలీలు బిగించేలా చూడండి. ఒకటి మూసుకుపోయినా రెండోది లాగుతుంది గనుక, మనిషిని పట్టి ఉంచదు. జాలీ విరిగిన రోజున ఎవరినీ నీళ్ళలో దిగనివ్వకండి.

కరెంటు మరొకటి. మోటారుకు ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే రక్షణ స్విచ్చి తప్పనిసరి. నీటిలోపల దీపాలు పెట్టిస్తే 12 వోల్టులవే పెట్టించండి.

అన్నీ చేసినా, నీళ్ళలో పిల్లలున్నంతసేపు ఈత వచ్చిన పెద్దమనిషి ఒకరు ఒడ్డున కూర్చోవాలి. చేతిలో పేపరు, ఫోను ఉండకూడదు. ఒక పొడుగు వెదురు కర్ర, తాడు కట్టిన ట్యూబు దగ్గర ఉంచుకోండి. ఎవరైనా మునిగితే బయటికి తీసి, కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్టమీద నొక్కడం చేయకండి. అది పాత అలవాటు, ప్రాణానికి చేటు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదుతూ, రొమ్ముమీద నొక్కుతూ ఉండాలి. మరొకరు 108కి ఫోను చేయాలి. ఈ పద్ధతిని కొలను కట్టడానికి ముందే, ఇంట్లో ఇద్దరన్నా చేతులతో చేసి నేర్చుకోవాలి.

ఇదంతా విని ఆ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత బావివైపు చూసి అన్నారు. "మా నాయన నాకు ఈత నేర్పింది కపిల బావిలో నాయనా. నడుముకు బెండ్లు కట్టి, పైనుంచి తోసేసేవాడు. ఆయన మాత్రం అప్పటికే నీళ్ళలో ఉండేవాడు."

నేను చెప్పిన రెండు గంటల మాటల సారం ఆ ఒక్క మాటలో ఉంది. బిడ్డకంటే ముందు పెద్దవాడు నీళ్ళలో ఉండాలి. ఇల్లు కట్టేవాడి ఆలోచన కూడా అంతే, సిమెంటు కంటే ముందు నీటిదాకా వెళ్ళాలి.

చివరికి ఆయన తేల్చుకున్నదేమిటంటే, ఈ ఏడు కొలను వద్దు. మనవలకు పదడుగుల ప్లాస్టిక్ తొట్టి ఒకటి చాలు. రెండడుగుల నీళ్ళు పోస్తే 4,400 లీటర్లు. సెలవులయ్యాక ఆ నీళ్ళు కొబ్బరిచెట్లకు పోతాయి, తొట్టి అటకెక్కుతుంది. ఆ తొట్టి దగ్గరా ఒక మనిషి కాపలా ఉండవలసిందే. రెండడుగుల నీరు కూడా చిన్నబిడ్డకు లోతే. ఈలోగా బావిలో చెత్త తీయించి, మేడమీది గొట్టాలను దానికి కలుపుతారు. వచ్చే కార్తీకంలో బావిలో నీరు ఎంత పైకి వచ్చిందో చూసి, కొలను సంగతి అప్పుడు ఆలోచిస్తారు.

మీ పెరట్లో కూడా అలాంటి పాత బావి ఉంటే, ఈ వానలకు ముందు ఒకసారి మూత తీసి చూడండి. చూశాక గట్టి మూత వేయడం మాత్రం మరచిపోకండి.